వేడెక్కితే ఆగిపోయే ఎర్ర కారు

ఇవాళ పొద్దున మా అమ్మాయి కొత్త కారుకు పూజ చేయించాం. కరెంటు కారు అది. పెట్రోలు అక్కర్లేదు, పొగ రాదు, నడుస్తోందో ఆగిందో చెవికి తెలియదు. నలభై ఏళ్లు ఇంజిన్ చప్పుడు వింటూ బతికిన నాలాంటివాడికి అదొక అవమానం. సరే, పిల్ల తన ఉద్యోగం డబ్బులతో ముచ్చటపడి కొనుక్కుంది, చల్లగా ఉండాలి అనుకుని మా గల్లీ చివరనున్న ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం, అద్దం మీద ఓంకారం రాయడం అన్నీ అయ్యాక అయ్యగారు ముందు మూత తెరవమన్నారు. తెరిస్తే లోపల ఇంజిన్ ఎక్కడిది, ఒక నల్లటి ప్లాస్టిక్ పెట్టె, దాని చుట్టూ నారింజ రంగు తీగలు. ఆయన ఏమాత్రం తడబడకుండా ఆ పెట్టెకే పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చిప్పలో నీళ్లు దాని మీద చిలకరించబోయారు.

నేను ఎంత గట్టిగా అరిచానంటే ప్రదక్షిణలు చేస్తున్నవాళ్లు కూడా ఆగి చూశారు. "ఆగుండ్రి అయ్యగారూ! పొయ్యకుండ్రి!" అంటూ ఆయన చేతిలోని చిప్ప లాక్కున్నంత పని చేశాను. మా ఇంటామె సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మాయి మాత్రం నవ్వి, "ఏమైంది డాడీ, కొబ్బరినీళ్లకే గింత పరేషాన్ అయితున్నవ్" అంది. ఏమని చెప్పను? పధ్నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని మాట గుడి ముందర నిలబడి ఎట్లా చెప్పను? ఆ నీళ్లు ప్రసాదం కదా, పారబొయ్యలేక ఒక స్టీలు గ్లాసులోకి ఒంపుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

అప్పట్లో ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి సాగర్ రోడ్డులోకి మళ్లి నాలుగడుగులు వేస్తే ఎడమ చేతివైపు మాకొక రేకుల షెడ్డు ఉండేది. మాకు అంటే నాకూ, మా అన్నకూ. సొంత అన్న కాదు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం పెట్టినవాడు, నేను పోచంపల్లి పక్కన మగ్గాల ఊరివాణ్ణి. ఇద్దరం ఒకే పెద్ద గ్యారేజీలో జీతానికి పనిచేసి, అక్కడి యజమాని నోటి దురుసు భరించలేక ఒకేరోజు బయటికొచ్చి షెడ్డు పెట్టుకున్నాం. ఇంజిన్ పని ఆయనది, వైరింగ్ పని నాది. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు, మా పిల్లలు వాళ్లను పెదనాన్న, పెద్దమ్మ అనేవాళ్లు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచే ముందే మార్చుకునేవాళ్లం. వాళ్లింటి గోంగూర నాకు, మా ఇంటి జొన్నరొట్టె ఆయనకు. పధ్నాలుగేళ్లు అట్లా తిన్నాం. గోంగూరలో ఉల్లిపాయ పచ్చిదే కొరుక్కోవాలని నాకు నేర్పింది ఆయనే, రొట్టెను తుంచి పాలలో నానబెట్టుకోవచ్చని ఆయనకు చెప్పింది నేనే.

నాకు వైరింగ్ పని ఎట్లా అబ్బిందని చాలామంది అడిగేవాళ్లు. నేను ఏ స్కూల్లోనూ నేర్చుకోలేదు. మా నాయన నేతగాడు. పడుగులో ఒక పోగు తెగితే ఆయన దాన్ని కళ్లతో వెతికేవాడు కాదు. అన్ని వందల పోగుల్లో కళ్లు మోసం చేస్తాయనేవాడు. పోగుల మీద అరచెయ్యి వేసి, కళ్లు మూసుకుని, మెల్లగా జరుపుకుంటూ పోయేవాడు, వదులుగా ఉన్నచోట చెయ్యి దానంతటదే ఆగేది. నేను మగ్గం వదిలిపెట్టి పట్నం వచ్చినందుకు ఆయన చాలాకాలం నాతో సరిగా మాట్లాడలేదు గానీ, నేను బతికింది మాత్రం ఆయన చేతి పద్ధతితోనే. ఆ సంగతి ఆయన ఉండగా ఆయనతో అనలేదు. అనాల్సినవి అనకపోవడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బే అనుకుంటాను.

ఇక ఉద్యమం. మన ఈడువాళ్లకు నేను చెప్పేదేముంది, అందరం చూసినవాళ్లమే. రోజుకొక బంద్, చౌరస్తాలో రాస్తారోకో, రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి వంటావార్పు. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాసిమ్మని మా షెడ్డుకు కూడా వచ్చేవాళ్లు, నేను రాసిచ్చేవాణ్ణి. మా అన్న పక్కన కూర్చుని చూసేవాడు. ఎర్ర రంగు పలచగా కలిపావు, వానకు కారిపోద్ది అని సలహా కూడా చెప్పేవాడు. వంటావార్పు నాడు వాళ్లింటామె ఒక జాడీ మాగాయ పచ్చడి పంపిస్తే మావాళ్లు వేళ్లు నాకుతూ తిన్నారు. అయినా ఏదో ఒకటి మారుతూనే ఉంది. టీ తాగేటప్పుడు ఆయన నోట "మీ ఉద్యమం" అనీ, నా నోట "మీవాళ్లు" అనీ మాట జారేది, జారినప్పుడు ఇద్దరం నవ్వేవాళ్లం. కొన్నాళ్లకు నవ్వడం మానేశాం, మాట జారడం మాత్రం ఆగలేదు.

సకల జనుల సమ్మె నడుస్తుండగా మా షెడ్డుకు ఆ ఎర్ర కారు వచ్చింది. రెండే సీట్ల విదేశీ కారు, మనిషి నడుము దాకా కూడా రాదు, ఇంజిన్ ముందు కాకుండా వెనకాల, జాలీల మూత కింద ఉంటుంది. దాని యజమాని దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే లెక్కల సారు. ఆయనదీ కోస్తానే. రేకుల కింద పదిమంది పిల్లలతో మొదలుపెట్టి, నాలుగు అంతస్తులకు ఎదిగి, యాభయ్యో ఏట చిన్నప్పటి కోరిక తీర్చుకుందామని ఆ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు, ఇంజిన్ పైభాగం కూడా రోజూ తుడిపించి మెరిపించేవాడు. సమ్మెతో కాలేజీలు మూతపడి, కారు కదలక, బ్యాటరీ పడుకుంది. కంపెనీ షోరూము బంజారాహిల్స్‌లో. అటువంటి రోజుల్లో అటువంటి కారును ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు తీసుకుపోవడానికి ఆయనకు గుండె చాలలేదు. మా అన్న మీద నమ్మకంతో మాకిచ్చి, గొడవలు తగ్గేదాకా షెడ్డులోనే దాచిపెట్టమన్నాడు.

అట్లా ఆ కారు మా దగ్గరుండగానే దసరా వచ్చింది.

పనిముట్లున్న ప్రతి ఇంట్లో ఆయుధపూజ ఎట్లా చేస్తారో మీకు తెలుసు. ఆ రోజు మా అన్న ఇంట్లో పూజ చేసుకుంటుంటే, షెడ్డు పూజ నేనొక్కణ్ణే చేశాను. స్పానర్లు కడిగి వరసగా పేర్చి, కంప్రెసర్‌కు, జాకీకి, వెల్డింగ్ మిషన్‌కు పసుపు కుంకుమలు పెట్టి, కాయ కొట్టాను. కొట్టాక చూస్తే మూలన ఆ ఎర్ర కారు బోసిగా నిలబడి ఉంది. పండగ పూట మన కప్పు కింద ఉన్న బండిని పూజ లేకుండా వదిలేయడం నాకు మనసొప్పలేదు. వెనక మూత ఎత్తి, ఇంజిన్ మీద పసుపు మెత్తి, బొట్టు పెట్టి, చేతిలో మిగిలిన కొబ్బరినీళ్లు అమ్మవారి పేరు చెప్పుకుని మూడుసార్లు చిలకరించి, మూత వేసేశాను. ఏళ్లుగా ప్రతి దసరాకు ప్రతి బండికి చేసినదే. పొద్దున్నే మొహం కడుక్కున్న సంగతి మధ్యాహ్నానికి గుర్తుంటుందా? నాకూ అది గుర్తులేదు.

మా అన్న కొత్త బ్యాటరీ వేశాడు, సమ్మె ముగిశాక సారు కారు తీసుకుపోయాడు. మూడు నాలుగు వారాలు బాగానే తిరిగింది. ఆ తర్వాత ఒకరోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో, సరిగ్గా ఒక ఊరేగింపు ఎదురొస్తుండగా, ఇంజిన్ టప్పున ఆగిపోయింది. జెండాలు పట్టుకున్న పోరగాళ్లు చుట్టూ మూగారు. ఎవడో పైకప్పు మీద దరువు వేశాడు. ఇంకెవడో అద్దం దించమని, జై తెలంగాణ అనమన్నాడు. సారు అన్నాడు. అన్నాక ఆ పోరగాళ్లే నవ్వుకుంటూ కారును పక్కకు నెట్టి, నీళ్ల ప్యాకెట్ కూడా చేతిలో పెట్టి పోయారు. వాళ్లు ఏమీ చెయ్యలేదు, నిజమే. కానీ ఆ అద్దాల లోపల ఒంటరిగా కూర్చున్నవాడికి ఆ పది నిమిషాలు ఎట్లా గడిచాయో వాడికే తెలియాలి. పావుగంట తర్వాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది. ఆ వారంలో మరో రెండుసార్లు ఆగింది. కారు మళ్లీ మా షెడ్డుకు వచ్చింది.

మెకానిక్కుకు చచ్చిపోయిన బండితో తంటా లేదు. అప్పుడప్పుడు చచ్చి, అప్పుడప్పుడు బతికే బండి ఉందే, అదీ మనిషిని పీల్చి పిప్పి చేసేది. షెడ్డులో రెండు గంటలు ఆపకుండా నడిపాం, గడియారంలా నడిచింది. పెట్రోలు పంపు చూశాం, పంపుకు కరెంటిచ్చే రిలే మార్చి చూశాం, తాళంచెవి స్విచ్చు విప్పి చూశాం, ఇంజిన్‌కు బాడీకి మధ్య ఎర్త్ తీగ గీకి బిగించాం. మా దగ్గరున్న చవక స్కానర్ ఆ కారుతో మాట్లాడనే లేదు, తెర మీద తెల్లమొహం వేసింది. బడంగ్‌పేట్ మీదుగా బాలాపూర్ దాకా పోయి రావడం మా పనైంది. పోయేటప్పుడు ఆగదు, వచ్చేటప్పుడు ఆగదు, షెడ్డు ముందుకొచ్చి హమ్మయ్య అనుకుంటే అక్కడ ఆగుతుంది. ఒకసారి బాలాపూర్‌లో లారీల మధ్య ఆగితే, వెనకున్న డ్రైవర్ దిగొచ్చి, "గింత పెద్ద కారు, గిదేందన్నా మా ఆటో లెక్క సతాయిస్తుంది" అని జాలిపడ్డాడు. తొమ్మిది రోజులు తిరిగాం. అన్నం తింటుంటే కూడా చెవిలో ఆ ఇంజిన్ ఆగిన నిశ్శబ్దమే. అంత అలసట నేను మళ్లీ ఎప్పుడూ ఎరగను.

ఆ తొమ్మిది రోజుల్లోనే సారు మనసులో విషం పడింది. నలుగురూ నాలుగు మాటలు చెప్పి ఉంటారు. కారు బాగానే ఉండేది, మీ షెడ్డుకు పోయొచ్చాకే ఇట్లయింది, అందులో ఒకడు తెలంగాణవాడు, నంబరు ప్లేట్లు రాసేవాడు, చౌరస్తాలో ఊరేగింపు ముందే ఆగిందంటే ఊరికే ఆగిందా? ఆ రోజుల్లో అటువంటి మాటకు కాళ్లు రావడానికి ఎంతసేపు. సారు నాతో ఒక్క మాట అనలేదు. మా అన్నను పక్కకు పిలిచి అన్నాడు. ఆ కారు దారికి రాకపోతే పోయేది ఒక్క గిరాకీ కాదని, దిల్‌సుఖ్‌నగర్‌లోని కోస్తావాళ్ల బండ్లన్నీ మా షెడ్డు దాటి పోతాయని, నా పేరు మీద పడ్డ మచ్చ ఇక పోదని మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం డబ్బాలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మా అన్న మూత తీయకుండా కాసేపు చేతులు నలుపుకున్నాడు. తర్వాత నా మొహం చూడకుండా అడిగాడు.

"తమ్ముడూ, ఏమీ అనుకోవద్దు. ఆ బండి మన దగ్గరున్నప్పుడు నువ్వు ఇంజిన్ మీద చెయ్యేమీ వెయ్యలేదుగా?"

ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడగడంలో తప్పేముంది, ఏ మెకానిక్కయినా అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. కానీ ఆ రోజు నాకు అది ప్రశ్నలా వినబడలేదు. పధ్నాలుగేళ్లు ఒక డబ్బాలో తిన్నవాడు, చివరికి ఆయన కూడా "మీవాళ్లు" అన్నాడనిపించింది. కోపం నషాళానికి ఎక్కింది. లేచి నిలబడి, "నీకు గంత అనుమానమే ఉంటే ఇను అన్నా. నేను ఆ ఇంజిన్ మీద చెయ్యి గూడ వెయ్యలే. నా బిడ్డ మీద ఒట్టు" అన్నాను.

మా అన్న డబ్బా పక్కకు నెట్టి లేచాడు. "అంత మాటెందుకురా, పసిపిల్ల మీద" అంటూ నా చెయ్యి పట్టుకోబోయాడు. నేను విదిలించుకుని బయటికి పోయాను. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. ఇవాళ కారు కొనుక్కున్నది ఆ పిల్లే.

ఆ కోపంలోనే తెల్లారి కారు దగ్గర కూర్చున్నాను. ఇది దొరికితే గానీ లేవనని పంతం పట్టాను. చల్లగా ఉన్నప్పుడు ఆగడం లేదు, బాగా వేడెక్కి, ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడే ఆగుతోంది, అదొక్కటే తెలిసిన సంగతి. అందుకని గంటన్నర నడిపి, వెనక మూత మీద గోనెపట్టాలు కప్పి, లోపలి వేడి లోపలే ఉంచాను. తర్వాత మూత ఎత్తి, నడుస్తున్న ఇంజిన్ మీద తీగలన్నిటి వెంట, మా నాయన పడుగు మీద చెయ్యి జరిపినట్టు, కళ్లు మూసుకుని వేళ్లు జరుపుకుంటూ పోయాను. మా అన్న ముందర డ్రైవర్ సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ చూస్తున్నాడు, ముందురోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇంజిన్ అడుగున ఒక గుంటలాంటి చోట చిన్న ప్లగ్గు చేతికి తగిలింది. కొంచెం కదిపాను, ఇంజిన్ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయించి మళ్లీ కదిపాను. మళ్లీ ఆగింది.

ఇంజిన్ తిరుగుతోందని కారులోని కంప్యూటరుకు కబురు చెప్పే సెన్సర్ ఒకటి ఉంటుంది. ఆ ప్లగ్గు దానిది. కబురు అందకపోతే కంప్యూటరు ఇంజిన్ ఆగిందనుకుని పెట్రోలు, కరెంటు రెండూ ఆపేస్తుంది. దొరికిందన్న సంతోషంతో ప్లగ్గు ఊడదీసి వెలుతురుకు పట్టాను. లోపలి రాగి పిన్నుకు చిలుము పట్టి పచ్చగా పొక్కులు లేచి ఉన్నాయి. ఆ పచ్చ చుట్టూ, ప్లగ్గు అంచుల్లోకి ఇంకి ఎండిపోయి, పసుపు.

అప్పుడు గుర్తొచ్చింది. దసరా, మూత ఎత్తడం, మూడుసార్లు చిలకరించడం, అన్నీ ఒక్కసారే. ఆ నీళ్లు పసుపును కరిగించుకుని గుంటలోకి జారి, రోజూ ఇంజిన్ వేడికి కాగి, ఉప్పూ తీపీ మిగిలి, రాగిని తినేశాయి. చల్లగా ఉన్నప్పుడు పిన్ను అంటుకుంటోంది, వేడెక్కితే వదిలేస్తోంది. సారు అనుమానం నిజమే, కారును ఆపింది నా చెయ్యే. ఒట్టు వేసినప్పుడు నేను అబద్ధం ఆడలేదు. పూజ చెయ్యడాన్ని చెయ్యి వెయ్యడం అనుకునేవాడెవడు? దేవుడికి దండం పెట్టిన చెయ్యి నా లెక్కలో చెయ్యే కాదు. అయినా ఒట్టు ఒట్టే కదా. అది అబద్ధమైపోయింది, పైగా పసిబిడ్డ మీద. ప్లగ్గును పిడికిట్లో మూసేశాను.

"దొరికిందా తమ్ముడూ? ఏంటది?" అని ముందు నుంచి మా అన్న అడిగాడు.

"తేమ. తేమ చేరింది" అన్నాను.

అంతే. పెట్రోలులో పళ్ల బ్రష్షు ముంచి పిన్ను తోమాను, కొత్త పిన్ను వేసి బిగించాను, ప్లగ్గుకు పట్టిన పసుపు తుడిచిన గుడ్డను నలిపి చెత్త డబ్బాలో పడేశాను. నిజం చెబితే ఏమయ్యేది? మా అన్న పడీపడీ నవ్వేవాడేమో. కానీ ఆ రోజుల్లో తెలంగాణవాడు కావాలని చెయ్యలేదు, పూజ చేశాడు అంటే బయట నమ్మేవాడెవడని ఒక భయం. దానికన్నా పెద్ద భయం, ఒట్టు అబద్ధమైందని నా నోటితో పైకి అంటే ఎక్కడ నా బిడ్డకు తగులుతుందో అని. చదువుకున్నవాళ్లకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు, నాకు ఆ ఏడాదంతా పిల్ల తుమ్మితే గుండె ఆగేది.

కారు మళ్లీ ఆగలేదు. సారు స్వీటు డబ్బా పట్టుకొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, నీ చెయ్యి మంచిది నాయనా, నేనే తప్పుగా అనుకున్నాను అన్నాడు. ఆ మాటకు తలెత్తలేకపోయాను. మా అన్న అందరికీ మా తమ్ముడు పట్టుకున్నాడు అని చెప్పుకుని మురిసేవాడు. నేను మాత్రం డబ్బా తీసుకుని పక్కకు పోయి, గిరాకీ ఉందనో, ఆకలి లేదనో చెప్పి విడిగా తినడం మొదలుపెట్టాను. దూరం జరిగింది ఆయన కాదు, నేను. రాష్ట్రం వచ్చిన మరుసటేడు ఆయన వాళ్ల తమ్ముడితో కలిసి బెజవాడలో షెడ్డు పెట్టుకుంటానని వెళ్లిపోయాడు. నన్ను అనుమానించే పోయాడని ఇన్నేళ్లూ నేననుకున్నాను, అనుకుంటే నాకే సులువుగా ఉండేది.

ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మాయి ఆయనకు వీడియో ఫోను చేసి కారు చుట్టూ తిప్పి చూపించింది. పండగలకూ పుట్టినరోజులకూ వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే ఉంటారు, నేనే ఏదో వంకతో లేచిపోతాను. ఇవాళా లేవబోయాను. ఫోనులో ఆయన గొంతు, కాస్త వణుకుతోంది గానీ అదే నవ్వు. "బంగారంలా ఉందమ్మా. అదిసరేగానీ, మీ నాన్న ఇంజిన్ మీద కొబ్బరినీళ్లు పొయ్యలేదుగదా?"

మా అమ్మాయి కిలకిలా నవ్వుతూ గుళ్లో జరిగిందంతా చెప్పింది. నేను లేవకుండా కూర్చుండిపోయాను. పిల్ల ఫోను నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. తెర మీద ఆయన, జుట్టంతా తెల్లబడి, కళ్లజోడు మందమైపోయి ఉన్నాడు.

"నీకు ఎర్కేనా అన్నా?" అన్నాను.

"ఆ పూటే తెలుసురా. గుడ్డ చెత్త డబ్బాలో చూశా. పచ్చగా పసుపు."

"మరెందుకు అడగలే?"

"అడిగితే నువ్వు ఔనని చెప్పాల్సొచ్చేది. అప్పుడు పిల్ల మీద వేసిన ఒట్టు ఏం కావాలి? అసలు నేను అలా అడగబట్టేగా నువ్వు ఒట్టేసింది. తప్పు నాది." మామూలు సంగతి చెప్పినట్టే చెప్పాడు. "ఆ ఒట్టు నేనెప్పుడో తీసి గట్టు మీద పెట్టేశాలే. ఏటా దసరాకి కొండెక్కి దుర్గమ్మకి పిల్ల పేరున కాయ కొడుతున్నా. పోయినేడు మోకాళ్లు రాకపోతే మా తమ్ముడు పట్టుకుని మెట్లెక్కించాడు."

నేను ఏడ్చాను. అరవై దాటిన మనిషిని, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇప్పుడు ఎల్బీ నగర్ చౌరస్తాను చౌరస్తా అని గుర్తుపట్టడం కష్టం. పైన వంతెనలు, ఆ పైన మెట్రో, కింద సొరంగం, ఎవరూ ఎవరికోసమూ ఆగాల్సిన పనిలేదు. మా షెడ్డు ఉన్నచోట ఫోన్ల దుకాణం ఉంది. కొత్త బండ్లకు చెవి ఒగ్గాల్సిన పనీ, చెయ్యి జరపాల్సిన పనీ లేదు, ఎక్కడ తప్పుందో ఎన్నిసార్లు తప్పిందో బండే రాసిపెట్టుకుని, అడిగిన వెంటనే తెర మీద చూపిస్తుంది. మంచిదే. ఆ సౌకర్యం మా ఇద్దరికీ లేకపోయింది. ఒకడు చెప్పలేక, ఒకడు అడగలేక, కలిసి తినాల్సిన అన్నం ఎన్నేళ్లు విడివిడిగా తిన్నామో తలుచుకుంటే నీరసం వస్తోంది.

గ్లాసులో నీళ్లు సాయంత్రానికి పులిశాయి. అయినా తాగేశాను. దసరాకు ఇంకా రెండు నెలలుంది, అన్నాళ్లు ఆగలేను. బెజవాడ బస్సు ఇప్పుడూ ఎల్బీ నగర్ నుంచే పోతుందట, రేపటికి రొట్టెలు చెయ్యమని మా ఇంటామెకు చెప్పాను. ఈ దసరాకు కొండకు ఆయన్ను నేను పట్టుకుని ఎక్కిస్తాను, కాయ ఆయన పేరున కొడతాను.